బెంజ్ సర్కిల్‌లో ‘పొల్యూషన్’: కార్బొరేటర్ కారు, ఉద్గార పరీక్ష – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
మోటారు వాహనం వదిలే పొగకు చట్టం ఒక అంకెను హద్దుగా నిర్ణయించి మూడు దశాబ్దాలు దాటింది. ఆ హద్దుకు ముందే పుట్టిన కార్బొరేటర్ కార్లు ఆ అంకెకు లోబడిన తీరును విజయవాడ బెంజ్ సర్కిల్, ఆటోనగర్ పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరీక్ష దేన్ని కొలిచింది, దేన్ని కొలవలేదు, మెకానిక్ చేతి విద్యకు అందులో ఎంత పాత్ర ఉంది అన్నవి ఇందులోని ప్రధానాంశాలు.

కీలకపదాలు: బెంజ్ సర్కిల్, ఆటోనగర్, కార్బొరేటర్, ఉద్గార పరీక్ష, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం:

బందరు రోడ్డు, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి కలిసే కూడలి బెంజ్ సర్కిల్. 2020లో ఫ్లైఓవర్ ప్రారంభమయ్యాక దూరప్రయాణపు వాహనాలు కొన్ని పైనుంచి సాగిపోతున్నాయి. నగరంలో తిరిగే బండ్లు మాత్రం నేటికీ కింద సిగ్నల్ దగ్గర నిలవవలసిందే. ఈ కూడలికి సమీపంలోనే జవహర్ ఆటోనగర్ ఉంది. లారీ బాడీల నిర్మాణానికీ, అన్ని రకాల వాహనాల మరమ్మతుకూ పేరుపొందిన ప్రాంతమది. వాహనం ఆగే చోటు, వాహనాన్ని బాగుచేసే చోటు ఇంత దగ్గరగా ఉండటం వల్ల ఈ పరిశీలనకు ఈ ప్రాంతం అనువైనది.

వాడుక తెలుగులో ఒక ప్రయోగాన్ని ముందుగా గమనించాలి. తనిఖీలో “పొల్యూషన్ ఉందా?” అని అడిగితే బండి యజమాని “ఉందండీ” అంటాడు. ఇక్కడ ‘పొల్యూషన్’ అంటే కాలుష్యం కాదు, కాలుష్యం హద్దులో ఉందని చెప్పే ధ్రువపత్రం. వస్తువు పేరే దాన్ని అదుపుచేసే కాగితానికి పేరైంది. కాగితం ఉంటే కాలుష్యం లేనట్టే అన్న సామాజిక భావన ఈ అర్థపరిణామంలో కనిపిస్తుంది. ఆ భావన ఎంతవరకు నిజమన్నదే ఈ వ్యాసం వేసే ప్రశ్న.

2. చట్టం నిర్ణయించిన అంకెలు:

1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని అనుసరించి 1989లో కేంద్ర మోటారు వాహనాల నియమాలు వచ్చాయి. వాటిలో 115వ నియమం 1990 మార్చి నుంచి పెట్రోలు కార్లకు ఒక హద్దు పెట్టింది. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రమే తిరుగుతుండగా, పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించరాదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఆ హద్దు 4.5 శాతం. 2004 అక్టోబరు నుంచి హైడ్రోకార్బన్లనూ కొలవడం మొదలైంది. భారత్ స్టేజ్-2కు ముందటి కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం హద్దులయ్యాయి. భారత్ స్టేజ్-2, స్టేజ్-3 ప్రమాణాలతో తయారైన పెట్రోలు కార్లకు అవే 0.5 శాతం, 750 పీపీఎం.

అందువల్ల పాత కారు పరీక్షలో మొదట చూడవలసింది పొగను కాదు, తయారైన సంవత్సరాన్ని. ఉత్ప్రేరక కన్వర్టర్ లేని కార్బొరేటర్ కారును పొరపాటున కొత్త తరగతి కింద నమోదు చేస్తే, ఎంత నేర్పుగల మెకానిక్‌కైనా దానిని 0.5 శాతానికి దించడం చాలా కష్టం.

3. చెవి నుంచి యంత్రానికి:

కార్బొరేటర్‌కు తన పొగ ఎలా ఉందో తెలుసుకునే సాధనం లేదు. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ పీడనభేదం వల్ల జెట్ ద్వారా పెట్రోలు గాలిలోకి వస్తుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు పాలు ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. మరీ తగ్గితే మంట సరిగా అంటుకోక మిస్‌ఫైర్ వచ్చి, మండని హైడ్రోకార్బన్లు బయటికి వస్తాయి. ఈ సమతూకాన్ని మెకానిక్ ఇంజన్ శబ్దంతో, ప్లగ్గు రంగుతో గుర్తించేవాడు. ప్లగ్గు మసిబారితే పెట్రోలు ఎక్కువైనట్టు, లేత గోధుమరంగులో ఉంటే కుదిరినట్టు. ‘పెట్రోలు తాగుతోంది’, ‘పికప్ లేదు’, ‘జెట్ మూసుకుపోయింది’ వంటి మాటలు ఈ జ్ఞానాన్ని మోసిన వృత్తి పదజాలం.

పొగగొట్టంలో పెట్టిన గొట్టం ద్వారా వాయువును తీసుకుని, పరారుణ కాంతితో కొలిచే యంత్రం ఈ జ్ఞానాన్ని తోసిపుచ్చలేదు. దానికి సాక్ష్యం అడిగింది. రెండు అంకెలనూ కలిపి చదివితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు హద్దులో ఉంటే చోక్, ఎయిర్ ఫిల్టర్, ఫ్లోట్ మట్టం చూడాలి. మొదటిది తక్కువగా ఉండి రెండవది పెరిగితే ప్లగ్గులు, పాయింట్ల ఎడం, టైమింగ్ చూడాలి. పొగగొట్టానికి చిల్లు ఉంటే బయటి గాలి కలిసి అంకె అబద్ధం చెబుతుంది.

మా బంధువుల 1996 నాటి మారుతి 800 విషయంలో ఇది ప్రత్యక్షంగా చూశాను. నగరంలోని ఒక కేంద్రంలో కార్బన్ మోనాక్సైడ్ 4 శాతం దాటింది. హైడ్రోకార్బన్లు హద్దులోనే ఉన్నాయి. పరీక్ష వరకు స్క్రూ బిగించి ఇమ్మని యజమాని కోరగా మెకానిక్ అన్న మాట: “బిగిస్తే ఇవాళ పాసవుద్దండీ. రేపు సిగ్నల్ దగ్గర ఆగిపోద్ది.” చోక్ తీగ పట్టేసి పూర్తిగా వెనక్కి రావడం లేదని అతడు గుర్తించాడు. తీగ సరిచేసి, ఫిల్టర్ మార్చి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా బండి నడిపి, ఆ తరువాతే మిశ్రమాన్ని సర్దాడు. కారు నెగ్గింది.

4. అంకె చూడనిది:

ఐడ్లింగ్ పరీక్ష సిగ్నల్ దగ్గర నిలిచిన కారు స్థితినే కొలుస్తుంది. ఆ మేరకు బెంజ్ సర్కిల్ వంటి కూడలికి అది అర్థవంతమైనది. అయితే బరువు లాగుతూ పరుగెత్తే ఇంజన్ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు అందులో కనబడవు. అంతకంటే ముఖ్యమైన ఉదాహరణ సీసం. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది 2000 ఫిబ్రవరిలో. 1990 నుంచి అప్పటిదాకా సీసపు పెట్రోలుతో నడిచిన కారు 3 శాతం లోపు నిలిచి, ధ్రువపత్రం పొంది, అదే పొగతో సీసాన్నీ వదిలింది. దానిని తొలగించింది పొగగొట్టం దగ్గరి పరీక్ష కాదు, ఇంధనంలో వచ్చిన మార్పు.

శిక్ష మాత్రం కాగితం చుట్టూనే పెరిగింది. 2019 సవరణతో 190(2) సెక్షన్ కింద జరిమానా 10,000 రూపాయల వరకు, జైలు మూడు నెలల వరకు ఉండవచ్చు. అదే ఏడాది మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల సరసన విజయవాడ కూడా చేరింది.

5. ముగింపు:

పాత కార్ల ధ్రువపత్రానికి చెల్లుబాటు ఆరు నెలలు. అది కొలిచేది కొద్ది నిమిషాలను. మిగిలిన కాలమంతా యజమాని శ్రద్ధ మీద, మెకానిక్ నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది. కార్బొరేటర్ కార్లు ఏటా తగ్గిపోతున్నాయి. వాటిని శబ్దంతో, రంగుతో చదివిన తరం కూడా ఆటోనగర్‌లో తగ్గిపోతోంది. ఆ వృత్తి పదజాలాన్ని, ఆ పని పద్ధతులను వారి నోట విని నమోదు చేయవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులపై ఉంది. లేకపోతే ఈ చరిత్రలో అంకెలు మిగులుతాయి, వాటిని సాధించిన చేతులు మిగలవు.