మలేరియా టీకా సాధనలో ఆక్స్‌ఫర్డ్ జెన్నర్ సంస్థ: 2023 సంవత్సర ప్రగతి

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నర్ సంస్థ రూపొందించిన ‘ఆర్21/మాట్రిక్స్-ఎం’ మలేరియా టీకా 2023వ సంవత్సరంలో మూడు కీలక దశలను అధిగమించింది. ఏప్రిల్‌లో తొలి ప్రభుత్వ అనుమతి, అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు, డిసెంబరులో అదే సంస్థ ధ్రువీకరణ లభించడంతో ఈ టీకా ఆఫ్రికా ఖండంలోని పసిపిల్లలకు చేరువయ్యేందుకు మార్గం సుగమమైంది.

వ్యాధి తీవ్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2022లో 24.9 కోట్ల మలేరియా కేసులు నమోదు కాగా, 6,08,000 మంది మరణించారు. వీటిలో 95 శాతం మరణాలు ఆఫ్రికాలోనే సంభవించాయి. అక్కడి మృతులలో ప్రతి ఐదుగురికి సుమారు నలుగురు ఐదేళ్ళలోపు పిల్లలే. 2021 అక్టోబరులో సిఫారసు పొందిన తొలి మలేరియా టీకా ‘ఆర్‌టిఎస్,ఎస్’ సరఫరా అవసరాలకు చాలలేదు. కనీసం 28 ఆఫ్రికా దేశాలు టీకాను కోరగా, 2023-25 కాలానికి 12 దేశాలకు 1.8 కోట్ల డోసులు మాత్రమే కేటాయించగలిగారు. ఈ కొరతను తీర్చగల రెండవ టీకా అత్యవసరమైంది.

టీకా పనిచేయు విధానం

దోమకాటుతో శరీరంలో ప్రవేశించిన ఫాల్సిపారం పరాన్నజీవి తొలుత కాలేయానికి చేరుతుంది. దాని ఉపరితలంపై ఉండే ప్రోటీన్ భాగాన్ని గుర్తించి, కాలేయ దశలోనే అడ్డుకొనేలా ఈ టీకా రోగనిరోధక శక్తిని సిద్ధం చేస్తుంది. నెల వ్యవధితో మూడు డోసులు, ఏడాది అనంతరం నాలుగవ డోసు ఇవ్వవలసి ఉంటుంది.

సాధించిన ప్రగతి

బుర్కినా ఫాసోలోని నానోరోలో 450 మంది చిన్నారులపై జరిగిన రెండవ దశ పరీక్షలో 77 శాతం రక్షణ కనిపించినట్లు 2021లో వెల్లడైంది. అనంతరం బుర్కినా ఫాసో, మాలి, కెన్యా, టాంజానియా దేశాలలో సుమారు 4,800 మంది చిన్నారులపై మూడవ దశ పరీక్షలు నిర్వహించారు. ఏడాది పరిశీలనలో, వర్షాకాలానికి ముందు టీకా ఇచ్చిన ప్రాంతాలలో 75 శాతం, ఏడాది పొడవునా వ్యాధి ఉండే ప్రాంతాలలో 68 శాతం రక్షణ లభించినట్లు 2024 ఫిబ్రవరిలో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురితమైంది.

2023 ఏప్రిల్‌లో ఘనా ఈ టీకాను ప్రపంచంలోనే ప్రథమంగా అనుమతించింది. అదే నెలలో నైజీరియా కూడా ఆమోదం తెలిపింది. అక్టోబరు 2న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. డిసెంబరు 21న లభించిన ధ్రువీకరణతో యునిసెఫ్ టీకాను కొనుగోలు చేయుటకు వీలు కలిగింది. 2024 జూలైలో కోట్ డివ్వార్ దేశంలో టీకాల పంపిణీ ప్రారంభమైంది.

భారతదేశ పాత్ర

టీకా తయారీ బాధ్యతను పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా చేపట్టింది. ఏటా 10 కోట్ల డోసుల ఉత్పత్తి సామర్థ్యాన్ని ఆ సంస్థ నెలకొల్పింది. డోసు ధర 2 నుండి 4 అమెరికన్ డాలర్లుగా 2023లో ప్రకటించారు. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది సికింద్రాబాదులోనే కావడం విశేషం. ఈ పరిశోధనకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

దోమతెరలు, సత్వర రోగనిర్ధారణ, చికిత్సలకు టీకా ప్రత్యామ్నాయం కాదు. వాటితో కలిపి వినియోగించినపుడే, నాలుగు డోసులూ ప్రతి చిన్నారికి సకాలంలో అందినపుడే దీని పూర్తి ప్రయోజనం సిద్ధిస్తుంది.