మ్యాక్‌బెత్ అనే రాజు, మ్యాక్‌బెత్ అనే నాటకం

ఇంటర్, డిగ్రీల్లో ఇంగ్లీషు పాఠంగానో, సినిమాగానో మీలో చాలామందికి మ్యాక్‌బెత్ తెలుసు. ఇంటికి అతిథిగా వచ్చిన ముసలి రాజు డంకన్‌ను నిద్రలో పొడిచి చంపి, సింహాసనం ఎక్కి, ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా నిద్రపోలేకపోయిన సేనాని. షేక్స్‌పియర్ దాదాపు 1606లో రాసిన నాటకం అది. నాలుగు వందల ఏళ్లుగా లోకం అతన్ని అలాగే గుర్తుపెట్టుకుంది.

అయితే ఆ పేరుతో స్కాట్లండ్‌ను నిజంగా ఏలిన రాజు ఒకడున్నాడు. 1040 నుంచి 1057 దాకా, పదిహేడేళ్లు. అతను డంకన్‌ను పడకమీద చంపలేదు. డంకన్ 1040లో ఎల్గిన్ దగ్గర మ్యాక్‌బెత్ మనుషులతో జరిగిన పోరులో పోయాడు. అప్పటికి ముసలివాడు కూడా కాదు, వయసులో ఉన్నవాడే. ఇక మ్యాక్‌బెత్ 1050లో రోమ్ యాత్రకు వెళ్లి, అక్కడి పేదలకు విత్తనాలు చల్లినట్టు డబ్బు పంచాడని ఆ కాలపు సన్యాసి ఒకాయన రాసిపెట్టాడు. రాజ్యాన్ని వదిలి అన్ని నెలలు దూరదేశం వెళ్లి రాగలిగాడంటే, వెనక ఇల్లు చక్కగానే ఉందని అర్థం చేసుకోవచ్చు.

మరి ఆ రాజు ఈ హంతకుడు ఎలా అయ్యాడు? ఈ సంగతి మీకు చెప్పాలనుకోవడానికి కారణం ఉంది. ఆదివాసీ దినోత్సవానికి, కొమురం భీము వర్ధంతికి ఊరూరా మన పిల్లలే నాటకాలు కట్టి ఆడుతున్నారు. చరిత్ర నాటకంలోకి వచ్చేటప్పుడు ఏమవుతుందో తెలిసి ఆడటం వేరు, తెలియక ఆడటం వేరు.

మ్యాక్‌బెత్‌ను ఓడించి చంపినవాడు డంకన్ కొడుకు మాల్కం. ఆ తర్వాత తరాలపాటు రాజ్యం మాల్కం వంశానిదే. చరిత్ర రాసినవాళ్లు వాళ్ల నీడలో బతికినవాళ్లు. కాబట్టి రాసిన ప్రతిసారీ మ్యాక్‌బెత్ మరికాస్త నల్లబడ్డాడు. 1527లో హెక్టర్ బోయిస్ అనే పండితుడు లాటిన్‌లో స్కాట్లండ్ చరిత్ర రాస్తూ బ్యాంకో అనే కొత్త మనిషిని ప్రవేశపెట్టాడు. అంతకుముందు ఏ రికార్డులోనూ అలాంటి మనిషి లేడు. అప్పుడు ఏలుతున్న స్టూవర్ట్ రాజులకు ఒక మూలపురుషుడు కావాలి, బోయిస్ ఇచ్చాడు. ఆ కథ అనువాదమై, చేతులు మారి, ఇంగ్లండ్‌లో హోలిన్‌షెడ్ పేరుతో వచ్చిన పెద్ద చరిత్ర గ్రంథంలో చేరింది. 1577లో మొదటి ముద్రణ, 1587లో రెండోది. షేక్స్‌పియర్ బల్లమీద ఉన్నది ఆ రెండో ముద్రణే.

ఆ పుస్తకం నుంచి అతను ఏం తీసుకున్నాడు, ఏం వదిలాడు అన్నది చూస్తే నాటకం కట్టడం అంటే ఏమిటో కళ్లకు కడుతుంది.

హోలిన్‌షెడ్ ప్రకారం డంకన్ మెతక రాజు, పాలన చేతకానివాడు. ఆ దేశపు పాత కట్టు ప్రకారం, రాజు పోయేనాటికి కొడుకు చిన్నవాడైతే రక్తసంబంధంలో దగ్గరివాడికి రాజ్యం దక్కాలి. డంకన్ ముందుగానే కొడుకును వారసుడిగా ప్రకటించి ఆ దారి మూసేశాడు. అంటే మ్యాక్‌బెత్‌కు ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది. షేక్స్‌పియర్ ఆ ఫిర్యాదును తీసేశాడు. డంకన్‌ను తండ్రిలాంటి మంచి రాజుగా చేశాడు. చంపడానికి ఆశ తప్ప మరో సాకు లేకుండా చేశాడు.

అదే పుస్తకంలో మ్యాక్‌బెత్ పదేళ్లు బాగా పాలించాడని, మంచి చట్టాలు చేశాడని ఉంది. నాటకంలో ఆ పదేళ్లు లేవు. పదిహేడేళ్ల పాలన కొన్ని వారాల్లా గడిచిపోతుంది. షేక్స్‌పియర్ విషాద నాటకాల్లో ఇదే అన్నిటికంటే చిన్నది. ఆ బిగువు ఆ కత్తిరింపు నుంచే వచ్చింది.

నిద్రలో హత్య మాటేమిటి? అది వేరే రాజు కథ. డంకన్‌కు చాలా ముందు డఫ్ అనే రాజు ఉండేవాడు. ఫోరెస్ కోటలో అతన్ని నమ్మకస్తుడైన డాన్‌వాల్డ్, భార్య పురికొల్పగా, కాపలావాళ్లకు బాగా తాగించి చంపించాడని హోలిన్‌షెడ్ రాశాడు. తెల్లవారాక కోపం నటిస్తూ ఆ కాపలావాళ్లనూ నరికేశాడట. షేక్స్‌పియర్ కొన్ని పేజీల వెనక్కి వెళ్లి ఆ రాత్రిని మొత్తం తెచ్చి మ్యాక్‌బెత్ ఇంట్లో పెట్టాడు. మ్యాక్‌బెత్ భార్య గురించి ఆ గ్రంథంలో ఉన్నది రాణి కావాలన్న కోరిక గురించి ఒకటి రెండు ముక్కలే. నిద్రలో నడుస్తూ చేతులు రుద్దుకునే ఆ తల్లి షేక్స్‌పియర్ సొంత సృష్టి.

ఇక బ్యాంకో. హోలిన్‌షెడ్‌లో అతను హత్యలో భాగస్వామి, నాటకంలో నిర్దోషి. ఎందుకంటే 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కు కూడా రాజయ్యాడు. ఆయన స్టూవర్ట్. బ్యాంకో తన పూర్వీకుడని నమ్మే వంశం. షేక్స్‌పియర్ నాటక బృందానికి ఆ ఏడాదే రాజుగారి బృందం అని పేరొచ్చింది. అన్నం పెట్టే దొర ముత్తాతను హంతకుడిగా చూపడం ఎవరివల్ల అవుతుంది!

మా అభిప్రాయం చెబుతాం. పదేళ్లు కత్తిరించడం, రెండు హత్యల్ని ఒకటి చేయడం నాటకానికి అవసరమై చేసినవి. వాటితో ఒక మనిషి మనసు ఎలా పాడవుతుందో మనకు కనిపించింది. బ్యాంకోను కడిగి శుభ్రం చేయడం దర్బారు కోసం చేసింది. మార్పు మార్పే గానీ రెండూ ఒకటి కావు. మీరు నాటకం రాసేటప్పుడు ప్రతి మార్పు దగ్గరా ఇది కథ కోసమా, ముందు వరసలో కూర్చునే పెద్దల కోసమా అని అడుక్కోండి.

మన దగ్గర రికార్డుల సంగతీ ఇలాంటిదే. 1879లో రంప కొండల్లో కల్లు మీద పన్నులు, మన్సబుదారు జులుం భరించలేక తిరగబడితే, దొరల కాగితాల్లో అది 'పితూరీ'. ఇంట్లో పిల్లలు ఒకరిమీద ఒకరు చెప్పుకునే చాడీలకూ ఇదే మాట! ఆ కాగితాల్నే ఆధారంగా నాటకం రాస్తే మన తాతలు బందిపోట్లుగానే మిగులుతారు. భీము పోరాటం విషయంలోనూ నిజాం పోలీసుల వైపు మాట ఒకటి, గూడెం మాట ఒకటి. 1940 అని పుస్తకాలు చెబుతాయి. జోడేఘాట్‌లో మాత్రం ఆయనను ఆశ్వయుజ పౌర్ణమికి తలుచుకుంటారు. మనకు పర్ధాన్ల కిక్రి ఉంది, కథ చెప్పే పెద్దలు ఉన్నారు. మ్యాక్‌బెత్ తరఫున పాడేవాళ్లు మిగల్లేదు.

అలాగని పెద్దలు చెప్పినదంతా, పాటలో ఉన్నదంతా అక్షరాలా జరిగిందని కాదు. పాట కూడా తన వంశాన్ని పొగుడుతుంది. అందుకే మా హాస్టల్ పిల్లలతో నాటకం కట్టించేటప్పుడు ఒక నోట్‌బుక్కులో మధ్యన గీత కొట్టిస్తాం. ఎడమవైపు పెద్దలు చెప్పింది, పుస్తకంలో ఉన్నది. కుడివైపు మేం కల్పించింది. ఏదో ఒక సంవత్సరం ఓ అమ్మాయి భీము పక్కన నిలబడే ఆడవాళ్ల మాటలన్నీ కుడివైపే ఎందుకున్నాయి టీచర్ అని అడిగింది. ఎడమవైపు రాయడానికి ఎవరూ వాళ్లను అడగలేదు కాబట్టి. తర్వాతి సెలవుల్లో ఆ పిల్లలు ఇళ్లకు వెళ్లి నాయనమ్మలను, అమ్మమ్మలను అడిగి వచ్చారు. నాలుగు పేజీలు నిండాయి.

మ్యాక్‌బెత్ భార్యకు నాటకంలో సొంత పేరే లేదు. ఆమె అసలు పేరు గ్రూఖ్. ఆమె మొదటి భర్తను 1032లో యాభై మందితో సహా కాల్చి చంపారు. ఆమె కూడా రాజవంశపు బిడ్డే. మ్యాక్‌బెత్‌తో కలిసి ఒక మఠానికి భూమి దానం ఇచ్చినట్టు రాసిన కాగితంలో ఆమె పేరు మిగిలింది. మొదటి భర్త వల్ల పుట్టిన ఆమె కొడుకు లూలాఖ్ మ్యాక్‌బెత్ తర్వాత కొన్ని నెలలు రాజుగా ఉండి, 1058లో మాల్కం చేతుల్లోనే పోయాడు. షేక్స్‌పియర్ నాటకంలో ఆ పిల్లవాడు ఎక్కడా కనిపించడు.