టాఫీలు తినిపించిన ఆసుపత్రి

స్వీడన్ దక్షిణాన లుండ్ నగరంలో విపెహోల్మ్ అనే ఆసుపత్రి ఉండేది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను దేశం నలుమూలల నుంచి తీసుకొచ్చి అక్కడ ఉంచేవారు. 1940ల చివర్లో వాళ్లలో కొందరికి రోజూ టాఫీలు పంచారు. అవి మామూలు టాఫీలు కావు. పళ్లకు బంకలా అతుక్కుని, ఓ పట్టాన కరగకుండా ఉండేలా ప్రత్యేకంగా చేయించినవి. కొందరైతే రోజుకు 24 దాకా తిన్నారు. వాళ్ల పళ్లు పుచ్చుతాయా లేదా అని చూడటానికే ఈ ఏర్పాటంతా. ఖర్చులో కొంత సర్కారుది, కొంత చక్కెర, మిఠాయి వ్యాపారులది.

పళ్లు ఎందుకు పుచ్చుతాయన్నది పాత ప్రశ్నే. పళ్లను పురుగు తొలుస్తుందన్న నమ్మకం బాబిలోనియా కాలం నాటిది. మన ఊళ్లలోనూ పిప్పి పన్నుకు నేలములక గింజల పొగ పట్టి పురుగును రాలగొట్టేవారు. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియెర్ ఫోషార్, సూక్ష్మదర్శినితో ఎంత వెతికినా ఆ పురుగు తనకు కనిపించలేదని రాశాడు. అసలు గుట్టు విప్పింది విలోబీ మిల్లర్ అనే అమెరికన్. బెర్లిన్‌లో పనిచేస్తూ, పీకేసిన పళ్లను రొట్టె, ఉమ్మి కలిపిన ముద్దలో వెచ్చగా ఉంచాడు. పళ్లు మెత్తబడ్డాయి. మాంసంతో అదే పని చేస్తే ఏమీ కాలేదు. నోట్లోని సూక్ష్మజీవులు పిండి పదార్థాలను పులియబెట్టి ఆమ్లం చేస్తాయని, ఆ ఆమ్లమే పంటిని తింటుందని 1890లో పుస్తకం వేశాడు.

ఇది జరిగే తీరు తెలిస్తే చాలా సంగతులు తేటపడతాయి. పంటి మీద పాచిలో ఉండే బ్యాక్టీరియాకు తీపి అందిన కొద్ది నిమిషాల్లోనే ఆమ్లం ఊరుతుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికొస్తాయి. లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. దానికి అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కావాలి. ఈలోగా ఇంకో బిళ్ల నోట్లో వేసుకుంటే మళ్లీ మొదటికే. నష్టం ముందు సున్నం రంగు మచ్చగా కనిపిస్తుంది. అప్పటికింకా గుంట పడదు, జాగ్రత్తపడితే పన్ను కోలుకుంటుంది కూడా. ఎనామెల్ దాటి లోపలి డెంటిన్‌కు చేరిందంటే, అది మెత్తన కాబట్టి పుచ్చు లోలోపలే విస్తరిస్తుంది. పైన సూదిమొనంత రంధ్రం, లోపల పెద్ద గుల్ల.

విపెహోల్మ్‌లో తేలిందీ ఇదే. అన్నిటికంటే ముఖ్యం, ఎంత తీపి తిన్నారన్నది కాదు, ఎప్పుడు, ఎన్నిసార్లు తిన్నారన్నది. భోజనంతో పాటు చక్కెర తిన్నవాళ్లకు పుచ్చులు పెద్దగా పెరగలేదు. భోజనాల మధ్య టాఫీలు చప్పరించినవాళ్లకు మాత్రం బాగా ఎక్కువగా వచ్చాయి. టాఫీలు ఆపాక కొత్తవి రావడం తగ్గింది. 1954లో ఈ ఫలితాలు అచ్చయ్యాక స్వీడన్‌లో పిల్లలకు వారానికి ఒక్కరోజే, శనివారమే మిఠాయి ఇమ్మని ప్రచారం చేశారు. ఆ అలవాటు అక్కడ నేటికీ ఉంది.

కానీ ఆ రోగులను ఎవరూ అడగలేదు. అడిగినా అర్థం చేసుకుని కాదనే స్థితి చాలామందికి లేదు. కొందరి పళ్లు బాగుచేయలేనంతగా పాడయ్యాయి. సాయం చేయాల్సిన వాళ్లే వాళ్ల నిస్సహాయతను వాడుకున్నారు. దాని వల్ల ఎంతోమంది పిల్లలకు మేలు జరిగినా అది అన్యాయమే.

ఇంత మూల్యం చెల్లించి తెలుసుకున్నదాన్ని మనం పెడచెవిన పెట్టకూడదు. పిల్లలకు చాక్లెట్ ఇవ్వదలిస్తే అన్నం తిన్న వెంటనే ఇవ్వండి, సాయంత్రం దాకా విడతలు విడతలుగా కాదు. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.