పందుంపుల్ల పూర్వచరిత్ర

చంద్రగిరికోటలోని రాజమహలు నేడు ప్రదర్శనశాల యైనది. రాయల కాలమునకు మిక్కిలి పూర్వపుదైన పందుంపుల్ల మాత్రము కోటక్రింది యూళ్లలో నింకను బ్రతికియున్నది.

పుల్ల పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును గలిగి యుండవలెనని సుశ్రుతుడు విధించెను. చేదుపుల్లలలో వేప, కారపువానిలో కానుగ, వగరువానిలో చండ్ర శ్రేష్ఠము లనెను. మెత్తని కుంచెగా నమలిన కొనతో, చిగుళ్లు నొవ్వకుండ, ఒక్కొక్క పంటినే తోమవలెననియు జెప్పెను. మనము వేపను నిలుపుకొని యీ మాటను విడిచితిమి. ఇటికపొడితో, బొగ్గుతో గీఱి పంటిమెఱుగు నరుగదీయుచున్నాము. పిమ్మట చల్లనీరు తగిలిన జివ్వుమనుచున్నది.

నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండిని పులియబెట్టి పుట్టించు ఆమ్లమే పంటిని తొలుచునని 1890లో బెర్లినునందు పనిచేయుచుండిన మిల్లరు అను దంతవైద్యుడు ప్రకటించెను. పుప్పిపంటిలో పురుగున్నదను మన పెద్దల మాట సగము నిజమే! ఆ జీవుల నెలవు పాచి. పాచి గట్టిపడిన గార యగును. చిగుళ్లవెంట పాచియు గారయు నిలిచిన మొదట నెత్తురు, తరువాత పన్ను కదలుట. ముదిమివలన పండ్లూడె ననుకొనువారిలో పెక్కుమందికి ఊడినది చిగుళ్లవ్యాధివలననే. గారను పుల్ల పెకలింపజాలదు, దంతవైద్యుడే తీయవలెను. ఫ్లోరైడు చేరిన పేస్టు, మెత్తని బ్రష్షు దొరకినచో వానిని వాడుటకు సంకోచింప బనిలేదు.

చరకుడు రెండుపూటల తోముమనెను. మనము ప్రాతఃకాలమునే పాటించుచు, రాత్రి భోజనానంతరము పండ్లు తోమకయే పరుండుచున్నాము.