గోతి కొలత నుంచి గ్రేడు సగటు దాకా

భాస్కరాచార్యులు 1150 ప్రాంతంలో రచించిన 'లీలావతి'లో ఒక గొయ్యి లెక్క ఉంది. గోడలు ఏటవాలుగా ఉండటం వల్ల గొయ్యి పొడవు మూడు చోట్ల 10, 11, 12 మూరలు వచ్చింది. వెడల్పు 6, 5, 7 మూరలు, లోతు 2, 4, 3 మూరలు ఉన్నాయి. తవ్విన మట్టి ఎంత? పొడవుల మొత్తాన్ని కొలిచిన చోట్ల సంఖ్యతో భాగిస్తే 11 వస్తుంది. అలాగే వెడల్పు 6, లోతు 3. ఈ మూడింటినీ గుణిస్తే 198 ఘన మూరలు.

ఈ లెక్కలో మనం గమనించవలసింది ఒకటుంది. భాస్కరుడు పొడవులను పొడవులతోనే కూడాడు, లోతును లోతుతోనే కూడాడు. పొడవునూ లోతునూ కలిపి సగటు తీయలేదు. మీ ప్రోగ్రెస్ కార్డు అడుగున ఉండే సగటు మాత్రం అటువంటి పనే చేస్తుంది. తెలుగు 90, గణితం 50 అయితే సగటు 70 అంటుంది. ఆ విద్యార్థి ఏ సబ్జెక్టులోనూ 70 దగ్గర లేడు!

ఐరోపాలో ఖగోళ శాస్త్రజ్ఞులు ఒకే నక్షత్రాన్ని పలుమార్లు కొలిచి, కొలతల్లోని పొరపాట్లు ఒకదానినొకటి తగ్గించుకుంటాయని సగటు తీసేవారు. అక్కడ నిజమైన స్థానం ఒక్కటే ఉంటుంది. సగటు దానికి దగ్గరగా చేరుస్తుంది. బెల్జియం ఖగోళవేత్త క్వెట్లే 1835లో ఈ పద్ధతిని మనుషులకు వర్తింపజేసి 'సగటు మనిషి' అనే భావనను ప్రచారంలోకి తెచ్చాడు. నక్షత్రానికి సరిపోయిన సాధనం మనిషికి ఎంతవరకు సరిపోతుందనే చర్చ అప్పటినుంచీ సాగుతూనే ఉంది.

విద్యార్థులకు శ్రేణులు ఇవ్వడం ఇంకా ముందే మొదలైంది. అమెరికాలోని యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ 1785లో 58 మంది విద్యార్థులను పరీక్షించి, లాటిన్ మాటలతో నాలుగు తరగతులుగా విడదీసినట్లు తన దినచర్యలో రాసుకున్నాడు. 1897లో మౌంట్ హోలియోక్ కళాశాల అక్షరాలను మార్కులతో ముడిపెట్టింది. అక్కడ 95 నుంచి 100 వస్తే ఏ, 75 కంటే తగ్గితే తప్పినట్లే. మన దేశంలో ఈ కొలబద్దతో ఎంతమంది ఉత్తీర్ణులవుతారో ఆలోచించండి.

మార్కు అసలు నమ్మదగినదేనా? అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పత్రానికి ప్రతులు తీయించి, అనేక ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు పంపి దిద్దించారు. 1912లో ప్రకటించిన ఫలితాల్లో ఒకే పత్రానికి పడిన మార్కుల మధ్య 30కి పైగా తేడా కనిపించింది. గణితంలో అలా జరగదని కొందరు వాదించగా, మరుసటి సంవత్సరం జ్యామితి పత్రంతో పరీక్షించారు. తేడా ఇంకా పెరిగింది.

ఒకటి రెండు మార్కుల తేడాతో పిల్లలను వరుసలో నిలబెట్టడం తప్పనే వాదానికి ఇటువంటి పరిశోధనలే బలమిచ్చాయి. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశించింది. అదే సంవత్సరం సీబీఎస్ఈ 9, 10 తరగతులకు గ్రేడ్ల విధానాన్ని ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 పదో తరగతి ఫలితాలు గ్రేడ్లలో వచ్చాయి. ఉద్దేశం మంచిదే. కానీ గ్రేడ్లకు సగటు తీయడం మొదలుపెట్టగానే పాత సమస్య కొత్త వేషంలో తిరిగి వచ్చింది.

సీబీఎస్ఈ పట్టికలో 91–100కు 10 పాయింట్లు, 81–90కు 9, 71–80కు 8, 61–70కు 7, 51–60కు 6, 41–50కు 5. ఒక అమ్మాయికి అయిదు సబ్జెక్టుల్లో 91, 81, 71, 61, 51 వచ్చాయనుకుందాం. మార్కుల సగటు 71, పాయింట్ల సగటు 8. ఆమె పక్కన కూర్చునే అమ్మాయికి 90, 80, 70, 60, 50 వచ్చాయి. మార్కుల సగటు 70, పాయింట్ల సగటు 7. సబ్జెక్టుకు ఒక్క మార్కు తేడా ఒక పూర్తి పాయింటయింది. అప్పట్లో పాయింట్ల సగటును 9.5తో హెచ్చించి సుమారు శాతం చెప్పేవారు. ఆ ప్రకారం ఒకరికి 76, మరొకరికి 66.5. చిన్న తేడాలను చెరిపేయడానికి వచ్చిన గ్రేడు ఇక్కడ వాటిని పెద్దవి చేసింది. (91 తెచ్చుకున్నవారినీ 100 తెచ్చుకున్నవారినీ మాత్రం అది ఒకే గాటన కట్టింది.)

రెండో చిక్కు భారానికి సంబంధించినది. ఆ విధానంలో ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక పరీక్షలు ఉండేవి, ఒక్కొక్కదానికి 10 శాతం భారం. సంగ్రహణాత్మక పరీక్షలు రెండు, ఒక్కొక్కదానికి 30 శాతం. నాలుగు చిన్న పరీక్షల్లో 90 శాతం, రెండు పెద్ద పరీక్షల్లో 50 శాతం వచ్చిన విద్యార్థి ఆరింటినీ కూడి ఆరుతో భాగిస్తే 76.7 వస్తుంది. భారం లెక్కిస్తే 36కు 30 కలిపి 66 మాత్రమే. ఇంట్లో బి1 అనుకున్న గ్రేడు బడిలో బి2 అవుతుంది. ఏడో తరగతిలో ఈ లెక్క రాక, మాస్టారు మార్కులు తగ్గించారని ఏడ్చిన పిల్లలను నేను చూశాను. వారికి భారిత సగటు ఎవరూ చెప్పలేదు, పట్టిక మాత్రం చేతికిచ్చారు.

2018 నుంచి సీబీఎస్ఈ పదో తరగతికి బోర్డు పరీక్ష మళ్లీ తప్పనిసరి అయింది. సగటు మాత్రం ఎక్కడికీ పోలేదు. అందుకే 6, 7, 8 తరగతుల పిల్లలకు నేను ఒక చిన్న నోటు పుస్తకం పెట్టమంటాను. సబ్జెక్టుకు ఒక పేజీ. పరీక్ష పేరు, గరిష్ఠ మార్కులు, వచ్చిన మార్కులు, భారం, ఏ పాఠంలో తప్పులు పోయాయి అనేవి అందులో రాయాలి. సగటు చివరి గడిలో ఉంటే చాలు. భాస్కరుడి గొయ్యిలో లాగే గణితాన్ని గణితంతోనే పోల్చాలి.

ఒకసారి ఏడో తరగతి అబ్బాయి తండ్రి కార్డు చూపించి, "మావాడు నిలకడగా 70లోనే ఉన్నాడండీ" అన్నారు. గణితం, సాంఘికశాస్త్రం వరుసలు విడిగా రాయించాను. సాంఘికంలో 60, 75, 90. గణితంలో 80, 65, 50. రెండింటి సగటు మూడుసార్లూ 70. గణితం పేపర్లు తెరిచి చూస్తే తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే చోట ఉన్నాయి: రుణసంఖ్యల తీసివేత.