వింత నాణెం.. విలువెంత?

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల చేతిలో ఉంటే లక్షాధికారి కావచ్చన్న ప్రచారం పల్లెలకూ పాకింది. పోపుల డబ్బాల్లో, దేవుడి గూటి ముంతల్లో దాచిన చిల్లరను జనం ముందేసుకుని వెతుకుతున్నారు. ఈ ప్రచారంలో నిజం పాలు స్వల్పం. నాణెం వింతగా ఉండటం వేరు, అరుదుగా ఉండటం వేరు. సేకర్తలు డబ్బు చెల్లించేది రెండో దానికే. అదీ నాణెం మంచి స్థితిలో ఉంటేనే.

వైష్ణోదేవి నాణేన్నే తీసుకుంటే, ఆలయ బోర్డు రజతోత్సవం సందర్భంగా కేంద్ర ప్రభుత్వం 2012 సంవత్సరం ముద్రతో ఐదు, పది రూపాయల బిళ్లలను చలామణిలోకి తెచ్చింది. అవి జనం చేతుల్లోకి విస్తారంగా చేరాయి. అందువల్లనే నాణేల వర్తకుల వద్ద అరిగిన ఐదు రూపాయల బిళ్ల పదుల రూపాయలకే దొరుకుతుంది. ఇందిరాగాంధీ బొమ్మతో 1985లో వచ్చిన ఐదు రూపాయల బిళ్లదీ, నెహ్రూ శతజయంతికి 1989లో వచ్చిన రూపాయి బిళ్లదీ ఇదే కథ. అమ్మజూపేవారు ఎందరో, కొనేవారు కొందరే.

నక్షత్రం మర్మం

'సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అరుదైనది' అన్నది మరో ప్రచారం. తెలుగు జిల్లాల్లో ఈ మాట నమ్మితే ప్రతి ఇంట్లోనూ నిధి ఉన్నట్లే. నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు. నిజాం కాలంలో 1803లో మొదలైన ఈ టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చెర్లపల్లికి తరలింది. వజ్రాకారం ముంబయిని, చుక్క నోయిడాను సూచిస్తాయి. ఏ గుర్తూ లేకపోతే అది కోల్‌కతాలో తయారైనట్లు. ఈ గుర్తులు నాణెం పుట్టిన ఊరును చెబుతాయే తప్ప ధరను కాదు. చిల్లర కొరత తీర్చేందుకు 1985లో, ఆ తరువాత విదేశాల్లోనూ నాణేలు ముద్రింపజేశారు. బర్మింగ్‌హామ్‌లో తయారైన 1985 రూపాయిపై 'హెచ్' అక్షరం కనిపిస్తుంది. సేకర్తలు దీన్ని ఇష్టపడతారు గానీ, అది కూడా అరుదైనదేమీ కాదు.

లోపం ఉంటే లాభం

ధర పలికేవి టంకశాలలో పొరపాటు జరిగిన నాణేలు. ముద్ర పక్కకు జరిగి సగం బిళ్ల ఖాళీగా మిగలడం, ఒకవైపు బొమ్మే రెండోవైపు లోతుగా తిరగబడి పడటం, ఒక నాణేనికి చెందిన అచ్చు మరో నాణెంపై పడటం ఈ కోవలోకి వస్తాయి. మన నాణేన్ని నిలువుగా పట్టుకుని పక్కకు తిప్పితే రెండోవైపు కూడా నిటారుగానే కనిపించాలి. బాగా ఒరిగి కనిపిస్తే అచ్చు తిరిగిందని అర్థం. లోపం ఎంత కొట్టొచ్చినట్లు ఉంటే గిరాకీ అంత ఎక్కువ. కాస్త ఒరిగిన ముద్రకు ఎవరూ పైసా అదనంగా ఇవ్వరు.

ఇక్కడే మోసాలూ ఎక్కువ. రైలు పట్టాలపై పెట్టి అణగదొక్కినవి, ఆకురాయితో అరగదీసినవి, ఆమ్లంలో ముంచినవి 'టంకశాల లోపం' పేరిట అమ్మకానికి వస్తున్నాయి. పది రూపాయల బిళ్ల మధ్య భాగాన్ని ఊడదీసి తిరగేసి బిగించే ఘనులు కూడా లేకపోలేదు. అసలు పది రూపాయల బిళ్ల బరువు 7.71 గ్రాములు. అనుమానం వస్తే కంసాలి తక్కెడలో తూచి చూసుకోవడం తేలిక. ఇక మెరుపు కోసం చింతపండుతో తోమడమంత పొరపాటు లేదు. తోమిన నాణేన్ని సేకర్తలు దూరం నుంచే గుర్తుపడతారు, ధర తగ్గించి అడుగుతారు.

పాత వెండి నాణేలకు మాత్రం లోహం విలువైనా దక్కుతుంది. గాంధీ శతజయంతికి 1969లో విడుదలైన పది రూపాయల నాణెం 15 గ్రాములు. అందులో 12 గ్రాములు వెండే. బ్రిటిష్ కాలంలో 1911 రూపాయి మీద ఐదవ జార్జి రాజవస్త్రంపైని ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని దుమారం రేగింది. సుమారు 7 లక్షల నాణేలు బయటకు వెళ్లాక మిగతావి కరిగించి, 1912లో బొమ్మను సరిదిద్దారు. 'పంది రూపాయి'గా పేరుపడిన ఆ నాణేనికి నేటికీ సాధారణ రూపాయి కంటే గిరాకీ ఉంది. ఆరవ జార్జి బొమ్మతో 1939లో ముద్రించిన రూపాయి ఇంకా అరుదు. దానికి నకిలీలూ అంతే ఎక్కువ.

ముందు కట్టమంటే మోసమే

పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరును, చిహ్నాన్ని వాడుకుని రుసుములు, కమీషన్లు, పన్నులు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని, తమ తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టం చేసింది. నిజమైన కొనుగోలుదారు నాణేన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు, ఆపైన తానే డబ్బు ఇస్తాడు. 'నమోదు రుసుము' అన్న మాట వినిపించగానే ఫోను పెట్టేయడం ఉత్తమం. ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారు 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోను చేస్తే సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

దుక్కి దున్నుతుంటే, పాత ఇంటి గోడ పడగొడుతుంటే దొరికే నాణేల సంగతి వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి బయటపడిన సొత్తు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే దొరికినవారికి రావలసిన వాటా పోవడమే గాక శిక్ష కూడా పడుతుంది. నూరేళ్లు దాటిన నాణేలను సొంతంగా విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం నిషేధిస్తోంది. చలామణిలో ఉన్న బిళ్లలను లోహం కోసం కరిగించడం 2011 నాటి నాణేల చట్టం కింద ఏడేళ్ల వరకు జైలుశిక్షకు దారితీసే నేరం. అదే ఏడాది జూన్ 30 నుంచి పావలా, అంతకు లోపు బిళ్లలు చెల్లుబాటు కోల్పోయాయి. అర్ధ రూపాయి బిళ్ల ఇప్పటికీ చెల్లుతుంది.