ఫిడేలుపై స, గ, ప

తిరుపతికి, శ్రీకాళహస్తికి నడుమ ఏర్పేడు ఉన్నది. దానికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు క్షేత్రాలపైనా ముత్తుస్వామి దీక్షితులు కీర్తనలు రచించినారు: తిరుపతి దేవునిపై వరాళిలో ‘శేషాచల నాయకం’, వాయులింగంపై హుసేనిలో ‘శ్రీ కాళహస్తీశ’. తెల్లవారి బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యం కూర్చినవారు కూడ ఆయనే. ఈ ‘నొట్టుస్వరాలు’ సుమారు నలభై ఉన్నవి. ‘సంతతం పాహిమాం’ అనునది ఆంగ్లేయుల రాజగీతపు మెట్టే.

దీక్షితుల కుటుంబం మద్రాసు సమీపాన మణలిలో మొదలియార్ల ఆదరణలో ఉండెడిది. 1786లో జన్మించిన తమ్ముడు బాలుస్వామి అక్కడ ఒక ఐరోపావాని వద్ద మూడేండ్లు ఫిడేలు నేర్చినాడు. ఈ వృత్తాంతాన్ని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చైన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో సుబ్బరామ దీక్షితులు వ్రాసినారు.

ఐరోపాలో ఫిడేలు నేర్చువారు నిత్యం సాధించే పాఠాలలో ‘ఆర్పెజియో’ ఒకటి. స, గ, ప వంటి పొత్తు కుదిరిన స్వరాలను ఒక్కసారిగా గాక, ఒకదాని వెంట నొకటిగా ఎక్కుతూ దిగుతూ వాయించుటయే ఆర్పెజియో. శంకరాభరణంలో షడ్జానికి సెకనుకు 240 కంపనాలనుకొన్నచో గాంధారానికి 300, పంచమానికి 360, పై షడ్జానికి 480 అగును. అనగా 4, 5, 6, 8 నిష్పత్తి. లెక్క సులభమే, వ్రేలికి మాత్రం కష్టం. వీణకు మెట్లున్నవి, ఫిడేలుకు లేవు. సుమారు 33 సెంటీమీటర్ల తీగపై గాంధారం పై కొననుండి అయిదవ వంతున, అనగా 6.6 సెంటీమీటర్ల వద్ద పలుకును. వ్రేలు వెంట్రుకవాసి జరిగినా చెవికి తెలియును.

మనవారు వాద్యాన్ని ఉన్నదున్నట్లు తీసికొనలేదు. ఐరోపా సంగీతంలో ఆధారస్వరం పాటపాటకు మారును, దానితో వేళ్ల అమరికా మారును. మనకు షడ్జం స్థిరం. కనుక నాలుగు తీగలనూ స, ప, స, ప అని శ్రుతి చేసినారు. ఇప్పుడు క్రింది షడ్జం నుండి పైకి స, గ, ప, స, గ, ప, స అని సాధించి చూచినచో స, ప, స, ప నాలుగూ వట్టి తీగలపైనే వచ్చును. రెండు గాంధారాలకు నడిమి వ్రేలు, చివరి తారషడ్జానికి ఉంగరపు వ్రేలు చాలును. వట్టి తీగలు గురువువలె పక్కనే పలుకుతుండగా గాంధారపు తప్పును విద్యార్థి తానే పట్టుకొనగలడు.

అయితే ఆర్పెజియో మనకు గమ్యం కాలేదు. మన బాణీకి ప్రాణం గమకం. అది స్వరం నుండి స్వరానికి ఎగురదు, జారును, ఊగును. ఎగిరే సాధనకు మన అభ్యాసక్రమంలో దాటు వరుసలు ముందే ఉన్నవి. విజయనగరం సంగీత కళాశాలలో 1919లో ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి నాటికి ఫిడేలు పక్కవాద్యంగానే గాక కచేరీ నడుపు వాద్యంగా కూడ నిలిచినది.

నేడు తిరుపతిలో దేవస్థానంవారి సంగీత నృత్య కళాశాలలో పిల్లలు ఫిడేలు అభ్యసించుచున్నారు. వారి వాద్యం ఐరోపాది, శ్రుతి మనది. గాంధారం కచ్చితంగా నిలుచు చోటును ఎరిగిన వ్రేలే దానిని అందంగా ఊపగలదు.